టోపీ తియ్యని కుర్రాడు

జూన్ 10, మంగళవారం

టోపీ తియ్యలేదు.

యొమ్ హాజిన్ అట వాడి పేరు. ఛొంగ్జు టీమ్‌లో బంతులు వేసే పిచర్. నాకంటే పద్నాలుగేళ్లు చిన్న. బంతి తెచ్చి నా కుడి తొడకు వేసి కొట్టి, బంతులు వేసే దిబ్బ మీద నడుముకి చేతులు పెట్టుకుని నిలబడి నన్నే చూశాడు. ఈ దేశంలో బేస్‌బాల్ ఆడే ప్రతి పిల్లాడికీ పదేళ్లు రాకముందే ఎవరో ఒకరు వీపు మీద ఒకటిచ్చి మరీ నేర్పుతారు, తన బంతి పెద్దవాడికి తగిలితే టోపీ తీసి తల వంచాలని. ఓడిపోతున్నా వంచాలి, వానలో తడుస్తున్నా వంచాలి. నేను హైస్కూల్లో బంతులు వేసే రోజుల్లో ఒకసారి వంచిన తల ఎత్తేసరికి ఆట మళ్లీ మొదలైపోయింది.

పూర్తిగా వంగక్కర్లేదు. టోపీ అంచు ముట్టుకున్నా సరిపోయేది.

నేను కోపిష్టిని కాను. కానీ కాళ్లు వాటంతటవే దిబ్బ వైపు నడిచాయి. రెండు జట్లూ బెంచీల మీంచి దిగి గ్రౌండ్ నడిమధ్యకి పరిగెత్తుకొచ్చాయి. తోపులాట తప్ప ఏమీ కాలేదు. బంతి ఒంటికి తగిలితే కొట్టకుండానే బేస్ ఇస్తారు కాబట్టి నేను మొదటి బేస్‌కి వెళ్లాను, బేస్‌లు నిండాయి, తర్వాతి బ్యాటర్ ఒక్క దెబ్బ కొట్టాడు, మేం గెలిచాం.

బట్టలు మార్చుకునే చోట కెప్టెన్ నామ్‌గుంగ్ నా ముందు చేతులు జోడించాడు.

"అన్నా, నీకో దణ్ణం! ఆ బంతికి కాలొడ్డి అలా స్తంభంలా నిలబడ్డావు చూడు, ఎవడికొస్తుందన్నా ఆ బుర్ర? ఒరేయ్ పిల్లలూ, చూసి నేర్చుకోండ్రా!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను.

టోపీ తియ్యలేదు మాత్రం.

జూన్ 11, బుధవారం

మ్యాచ్‌లో మర్చిపోతే మర్నాడు ప్రాక్టీసు దగ్గరికొచ్చి నమస్కారం పెట్టి వెళ్లాలి. అదీ పద్ధతే. బూట్ల తాళ్లు విప్పుతూ కడుతూ వాళ్ల బెంచీ వైపు చాలాసేపు కూర్చున్నాను. వాడు నా వైపు వీపు తిప్పి పరుగులు తీశాడు.

ఇంటర్నెట్‌లో ఏం రాస్తారో చూడకూడదు. చూశాను. సగం మంది వాణ్ణి తిట్టారు, మర్యాద తెలియని వెధవ అని. ఇంకో సగం నన్ను. ఎవడో రాశాడు: "నూట పన్నెండు కిలోమీటర్ల బంతి అది. మా నాయనమ్మ చేతిలో కూరగాయల సంచీ పట్టుకుని కూడా తప్పుకునేది."

వాడి నాయనమ్మని తీసుకొచ్చి నిలబెట్టమనాలి ఆ దీపాల కింద. ఈ ఏడు స్టేడియంలో దీపాలు మార్చారు. తెల్లగా, సూదుల్లా గుచ్చుతాయి. ఆ సంగతి ఎవడూ రాయడు.

జూన్ 12, గురువారం

ఇవాళా రాలేదు. మూడు రోజుల మ్యాచ్‌లూ అయ్యాయి, వాళ్ల జట్టు బస్సెక్కి వెళ్లిపోయింది.

జూన్ 16, సోమవారం

సెలవు. మా ఆవిడ మిసన్ గల్చి చేప వేయించింది. ఇంట్లో ముళ్లు తీయడం నా పని. పెళ్లైన మొదటి వారం నుంచీ అంతే. ఇంత పెద్ద చేతులు పెట్టుకుని అంత సన్నని ముళ్లు ఎలా తీస్తాడోనని మా అత్తగారు చుట్టాలందరికీ చెప్పుకునేది. తీసి మా అమ్మాయి దావొన్ అన్నంలో పెట్టాను.

ఒక్క ముద్ద తిని ఉమ్మేసింది. ముల్లు. రెండో ముద్దలో ఇంకోటి.

"నాన్నా, నువ్వు అసలు చూస్తున్నావా?"

చేప సరిగ్గా కొయ్యలేదన్నాను. ఈమధ్య మార్కెట్లో అందరికీ తొందరే. మిసన్ పళ్లెం తన వైపు లాక్కుని మిగతావి తీసింది. నేను బాల్కనీలోకి వెళ్లాను, లోపలికొచ్చాను, మళ్లీ వెళ్లాను.

ఆ హాజిన్ గాడు జనవరిలో పుట్టి ఏడాది ముందే బడిలో చేరినవాడేమో, అందుకే ఎవరు పెద్దో ఎవరు చిన్నో లెక్క తప్పాడేమో అనుకుని వెతికాను. కాదు. నవంబరు. అయినా పద్నాలుగేళ్లకి ఏ లెక్క తప్పుతుంది?

జూన్ 19, గురువారం

బ్యాట్ పట్టుకుని మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ ఊరికే తిరిగొచ్చాను. పూర్వం అంపైర్ వైపు గుర్రుగా చూసైనా మనసు తేలిక చేసుకునేవాళ్లం. ఇప్పుడు బంతి కొట్టదగ్గ చోటుకి వచ్చిందో లేదో, అంటే స్ట్రయికో కాదో, యంత్రం చెబుతుంది, అంపైర్ చెవిలో విని చెయ్యెత్తుతాడు. యంత్రాన్ని గుర్రుగా చూసి ఏం లాభం?

నిలబడే తీరు కొంచెం మార్చాను. ముఖం పిచర్ వైపు ఇంకాస్త తిప్పాను. నడుము నొప్పి కోసం. బ్యాటింగ్ కోచ్ పే ఆగి చూశాడు.

"ఏంట్రా దేగున్, పాస్‌పోర్టు ఫొటో దిగుతున్నావా? ఎడమచేతి వాడివి, పక్కకి నిలబడి కొట్టాల్సినోడివి. కుడి భుజం మీదుగా చూడరా నాయనా. ఇరవయ్యేళ్లు అలాగే చూశావుగా?"

"నడుము, కోచ్‌గారూ."

"నడుముకీ మెడకీ ఏం సంబంధం?"

వయసొస్తే అన్నిటికీ అన్నిటితో సంబంధమేనన్నాను. నవ్వాడు. నేనూ నవ్వాను.

జూన్ 22, ఆదివారం

కొట్టాను!

ఎండ ఉండగానే మ్యాచ్. రెండో ఇన్నింగ్స్. ఎడమచేతి పిచర్, బయటివైపు నుంచి మెల్లగా వచ్చింది. బ్యాట్‌కి తగలగానే గోడ దాటే హోమ్ రన్ అని తెలిసిపోయింది. ఆ తెలియడం గురించి ఎవరికీ చెప్పలేం. చేతుల్లో బరువే ఉండదు. తల తిప్పి చూడక్కర్లేదు. బ్యాట్ పక్కకి విసిరేసి నడిచాను, పరిగెత్తలేదు. స్టాండ్స్‌లో అందరూ లేచి నా పేరు మీద కట్టిన పాట పాడారు. మా ఊరి మాసాన్ వాళ్లకి గొంతులు ఎక్కడివో, సముద్రం మీద పడవవాడికి కూడా వినబడి ఉంటుంది. పిచ్చివాడిలా నవ్వుతూ మూడో బేస్ దాటాను.

చూశారా? నాకేం కాలేదు. ఏమీ కాలేదు. ఒక కుర్రకుంక టోపీ తియ్యకపోతే మనసు చెదిరింది, అంతే. ఇవాళ్టితో సర్దుకుంది.

జూన్ 24, మంగళవారం

కళ్లలో వేసుకునే చుక్కల మందు మళ్లీ అయిపోయింది. ఈసారి ఇంకో మందుల షాపులో కొన్నాను.

జూన్ 27, శుక్రవారం

హైస్కూల్లో నాకు ఆట నేర్పిన గ్వాక్ మాస్టారు ఫోన్ చేశారు. ఎనభై దాటాయి, అరుపు మాత్రం తగ్గలేదు.

"ఒరేయ్ దేగున్! వాడు మన బడి పిల్లాడేరా! యొమ్ హాజిన్! నీ తర్వాత పద్నాలుగు బ్యాచ్‌లకి వచ్చినవాడు! బడి పరువు గంగలో కలిపాడు గదరా!"

"పోనీలెండి మాస్టారూ. నేను పట్టించుకోలేదు."

"నేను పట్టించుకున్నాను. ఛొంగ్జు వెళ్తావుగా వచ్చే నెల, అక్కడ వాడొచ్చి నీ కాళ్ల మీద పడతాడు. పడకపోతే నేనొచ్చి పడేస్తాను!"

ఫోన్ పెట్టేశాక గదిలో అటూ ఇటూ తిరిగాను. మా బడి పిల్లాడు. ఆ ఎర్రమట్టి గ్రౌండ్‌లోనే వాడూ దొర్లి ఉంటాడు. మరైతే ఎందుకు తియ్యలేదు? తెలియక కాదు. తెలిసే తియ్యలేదు. నా వైపు చూసిన ఆ చూపులో ఏదో ఉంది. నేనేదో వాడికి బాకీ ఉన్నట్టు.

జూలై 1, మంగళవారం

మేనేజర్ గారు పిలిచి టీ ఇచ్చారు. ఆయన టీ ఇస్తే మంచిది కాదని జట్టులో అందరూ ఎరుగుదురు.

"దేగున్, ఛొంగ్జు మ్యాచ్‌ల వరకూ నీ చోటు నీదే. ఆ తర్వాత కూడా ఇలాగే ఉంటే రెండో జట్టుకి వెళ్లి కొన్నాళ్లు ఊపిరి పీల్చుకో. నిన్ను బయట పెడుతున్నానని కాదు."

బయట పెడుతున్నాననే. ముప్పై ఎనిమిదేళ్లకి రెండో జట్టుకి దిగినవాడు మళ్లీ పైకి రావడం నేను చూడలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఖాళీ కుర్చీల ముందు ఆడి, పెట్టెలో పెట్టిన అన్నం తిని, ఆకులు రాలే వేళకి ఒక పూలగుత్తి పుచ్చుకుని ఇంటికి. రెండుసార్లు హోమ్ రన్ల రాజుగా నిలిచినవాడికి కాస్త పెద్ద గుత్తి ఇస్తారు.

సరేనన్నాను. మెట్లు దిగుతుంటే ఒక మెట్టు తప్పింది. బల్బు మార్చమని అక్కడి మనిషికి చెప్పాను. వెలుగుతూనే ఉందన్నాడు.

జూలై 3, గురువారం

మిసన్‌తో గొడవ.

దావొన్‌ని బడి దగ్గర దింపి వస్తున్నాం. నేను నడుపుతున్నాను. స్కూటర్‌వాడు కుడివైపు నుంచి ఒక్కసారిగా పుట్టుకొచ్చాడు. బ్రేక్ వేశాను, ఏమీ కాలేదు. వాడు తిట్టుకుంటూ పోయాడు. మిసన్ డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది.

"వాడు ఎప్పట్నించో కనబడుతూనే ఉన్నాడండీ," అంది. "పూలకొట్టు దగ్గర్నించీ."

"తప్పు వాడిది."

"తప్పు గురించి అడగలేదు. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దాం. రేపే."

"దుమ్ము పడింది. మట్టిలో పడి లేచేవాడికి కళ్లలో దుమ్ము పడదా?"

"దుమ్మైతే డాక్టరు దుమ్మనే చెబుతాడు కదా. మీకెందుకంత భయం?"

భయమని ఎవరన్నారు? ఆటగాడు డాక్టరు దగ్గరికి వెళ్తే సాయంత్రానికి టీమ్‌కి తెలుస్తుంది, మర్నాడు పేపర్‌కి తెలుస్తుంది. తర్వాత జబ్బు ఉన్నా లేకపోయినా ఉన్నట్టే. ఇదంతా ఆవిడకి చెప్పలేదు. ఆ టోపీ గొడవతో నిద్ర సరిగ్గా లేదని చెప్పాను.

"నెల్లాళ్ల నుంచి వింటున్నాను ఆ టోపీ టోపీ అని," అంది. "వాడు తీసేసి ఉంటే మీరింకేం పట్టుకుని వేలాడేవారో!"

తాళం చెవులు నా చేతిలోంచి తీసుకుని, దిగి, అటు తిరిగొచ్చి తనే నడిపింది.

జూలై 5, శనివారం

ఓడాం. నా వల్లే. రాయడానికేం లేదు.

జూలై 8, మంగళవారం. ఛొంగ్జు

వచ్చాడు.

భోజనాలయ్యాక హోటల్ కింది హాల్లో కూర్చున్నాను. రెండు చేతులా బలానికి తాగే జిన్‌సెంగ్ సీసాల పెట్టె పట్టుకుని వచ్చి, నడుం విరిగేలా వంగాడు. దగ్గర్నుంచి చూస్తే చిన్నపిల్లాడే. గడ్డం కింద మొటిమలు.

"అన్నగారూ, యొమ్ హాజిన్‌నండి. ఆలస్యంగా వచ్చాను, తప్పైపోయిందండి. మాస్టారు ఫోన్ చేశారు. కానీ మాస్టారు చెప్పారని రాలేదండి. ఒక్క మాట అడుగుదామని వచ్చాను."

"అడుగు."

"ఆ రోజు బంతి వంకర తిరుగుతుందని వేశానండి. చేతిలోంచి జారగానే అయ్యో అనుకున్నాను. నూట పన్నెండు కిలోమీటర్ల వేగం. మీకు తప్పుకోడానికి బోలెడంత టైముందండి. మీరు చూస్తూ నిలబడ్డారు. కాలు కూడా కదపలేదు. బేస్ కోసం కావాలని తగిలించుకున్నారనుకున్నానండి." గొంతు సవరించుకున్నాడు. "వేరే ఎవరైనా అయితే నేను టోపీ తీసేసేవాణ్ణి. మీరు కాబట్టే తియ్యలేదు."

"నేనైతే ఏంట్రా?"

"మా నాన్న టాక్సీ నడుపుతాడండి. మీరు బ్యాట్ పట్టుకుంటే బండి పక్కన ఆపేసి రేడియో పెంచేవాడు. ఎక్కినవాళ్లు తిట్టినా కదిలేవాడు కాదు. దేగున్ అడుక్కుని బేస్‌కి వెళ్లడ్రా, కొట్టే వెళ్తాడు అనేవాడు. నేను ఆ మాట వింటూ పెరిగానండి. అందుకని ఆ రోజు ఒళ్లు మండింది." తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "కావాలని కాదని ఒక్క మాటనండి, చాలు. ఇక్కడే, అందరి ముందూ మోకాళ్ల మీద కూర్చుంటాను."

మూల సోఫాలో నామ్‌గుంగ్, ఇంకో ఇద్దరు మా వాళ్లు వింటున్నారు. వాళ్లకి తెలుసు, తెలుసనుకుంటున్నారు.

రెండు సమాధానాలు ఉన్నాయి. ఒకటి చెబితే నా పరువు పోతుంది. ఇంకోటి చెబితే నా చోటు పోతుంది.

"కావాలనే," అన్నాను. "గెలవాలంటే అలాంటివి చెయ్యాలి. నువ్వూ నేర్చుకో."

వాడి ముఖంలోకి నేను చూడలేదు. పెట్టె బల్ల మీద పెట్టిన చప్పుడు విన్నాను.

"అలాగేనండి. రేపు నేనే వేస్తున్నానండి. మీకు లోపలికే వేస్తాను, ఒంటికి దగ్గరగా. కావాలని తగిలించుకునేవాళ్లకి కావాలంటే తప్పుకోడమూ వచ్చు కదండీ." మళ్లీ వంగి వెళ్లిపోయాడు.

నామ్‌గుంగ్ వచ్చి పెట్టె విప్పి ఒక సీసా తాగాడు. "భలే బుద్ధి చెప్పావన్నా."

దొంగ అనిపించుకున్నా రేపు జట్టులో చోటుంటుంది. అంతే చూసుకోవాలి. గదిలో కూర్చోబుద్ధి కావడం లేదు. మెట్ల మీద పైకీ కిందకీ నడిచి వచ్చాను. దుమ్ము కాదు. ఇది రాయనవసరం లేదు.

జూలై 9, బుధవారం. ఛొంగ్జు

రాస్తాను.

ఏప్రిల్ నుంచి. కుడికంటికి నేరుగా ముందు ఒక బూడిదరంగు మచ్చ. అద్దం మీద వేలిముద్ర పడ్డట్టు. తుడిస్తే పోదు. ఎటు చూస్తే అటు వస్తుంది. పిచర్ చేతిలోంచి బంతి బయల్దేరడం చూస్తాను, సగం దారిలో మచ్చలోకి దూరుతుంది, మళ్లీ క్యాచర్ చేతిలో కనబడుతుంది. నడుము కాదు. దీపాలు కాదు. చేప కోసినవాడి తప్పు కాదు. మెట్ల దగ్గర బల్బు వెలుగుతూనే ఉంది.

ఇవాళ రెండో ఇన్నింగ్స్‌లో నా వంతు వచ్చింది. దిబ్బ మీద హాజిన్. పళ్లు బిగించి ఉన్నాడు. మొదటి బంతి. చెయ్యి తిరగడం చూశాను, తర్వాత ఏమీ లేదు. గడ్డం కింద గాలి కోసుకుపోయింది. చప్పుడు విన్నాను, అంతే. స్టేడియం మొత్తం "అమ్మో" అంది. నేను కదల్లేదు. కదలాలని తెలిస్తే కదా.

వాళ్ల క్యాచర్ ముసుగు పైకి తోసి నా వైపు నోరు తెరుచుకుని చూశాడు. "అన్నా, ఏంటన్నా ఇది! బంతి పీక పక్కనుంచి పోయింది! రెప్ప కూడా వెయ్యలేదేంటన్నా?"

దిబ్బ వైపు చూశాను, ఎడమకంటితో. హాజిన్ గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. అప్పుడు బుర్రకెక్కింది. వాడు ఆ బంతి వేసింది నా మాట నమ్మి. ఈయనకి కనబడుతుంది, కావాలంటే తప్పుకుంటాడని నమ్మి వేశాడు. జానెడు పైకి వచ్చుంటే నన్ను స్ట్రెచర్ మీద మోసేవాళ్లు. వాణ్ణి అక్కడికక్కడే బయటికి పంపేవాళ్లు, బతికినంతకాలం దేగున్ తల పగలగొట్టినవాడు అనేవాళ్లు. వాళ్ల నాన్న టాక్సీ ఎక్కినవాళ్లు కూడా అనేవాళ్లు.

బ్యాట్ కింద పడేసి దిబ్బ వైపు నడిచాను.

ఇక చూడాలి. రెండు బెంచీలూ ఖాళీ. నలభైమంది మీద పడ్డారు. నామ్‌గుంగ్ వెనకనుంచి నడుము చుట్టూ చేతులేసి పట్టేశాడు. "వద్దన్నా, వద్దు! పిల్లాడన్నా! ఒరేయ్, ఇంకో ఇద్దరు రండ్రా, ఎద్దులా లాగుతున్నాడు!" వాళ్ల కెప్టెన్ నా ఛాతీ మీద చేతులు పెట్టి నెడుతున్నాడు. హాజిన్ పారిపోలేదు. నిలబడ్డాడు, కొడితే కొట్టించుకుందామని.

"నాకు కనబళ్లేదు," అన్నాను.

ఎవరికీ వినబడలేదు. స్టాండ్స్ హోరు. మళ్లీ అరిచాను.

"నాకు కనబళ్లేదురా! ఇప్పుడూ కనబళ్లేదు, ఆ రోజూ కనబళ్లేదు! నా కుడికన్ను పోయింది! నిన్న నీతో అబద్ధం చెప్పాను!"

నన్ను నెడుతున్న చేతులు ఆగిపోయాయి. పైన జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు, వాళ్లకి కొట్లాట కావాలి.

"ఎప్పట్నించన్నా?" చెవి దగ్గర నామ్‌గుంగ్.

"ఏప్రిల్."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. నా వల్ల ఓడిన మ్యాచ్‌లన్నీ వాడికి గుర్తుంటాయి. వాడు నడుము చుట్టూ వేసిన చేతులు వదల్లేదు. నన్ను ఆపడానికి పట్టుకున్నవాడు అలాగే పట్టుకుని బెంచీ దాకా నడిపించాడు. దారిలో వాడు ముక్కు ఎగబీల్చడం విన్నాను.

గీత దగ్గర హాజిన్ వెనకనుంచి పరిగెత్తుకొచ్చాడు. టోపీ వాడి తలమీదే ఉంది. ఆ సంగతి నాకిప్పుడు రాస్తుంటే తడుతోంది.

"అన్నగారూ, నేనింక ఎవరికీ లోపలికి వెయ్యలేనండి. చెయ్యి ఆడడం లేదండి."

"నా బదులు వచ్చేవాడికి కళ్లున్నాయిరా. వెయ్యి."

"తగిలితే?"

"తగిలితే తగులుతుంది. వాడికి కనబడి తగులుతుంది. లోపలికే వెయ్యి, వెధవా, నీకున్నదే ఆ ఒక్క బంతి!"

ఏడుస్తూ నవ్వాడు. వెళ్లాడు.

మేనేజర్ గారు నా పక్కన కూర్చున్నారు. టీ ఇవ్వలేదు. మిసన్‌కి ఫోన్ చేశాను. టీవీలో చూసిందట, ఎవర్ని కొడతారోనని ప్రాణం పోయిందట. జరిగింది చెప్పాను. "రేపు పొద్దున్న మొదటి రైలెక్కండి, స్టేషన్‌కి నేనొస్తాను," అంది. తగ్గుతుందో లేదో ఇద్దరమూ అడగలేదు.

నా బదులు వెళ్లిన కుర్రాడికి హాజిన్ లోపలికే వేశాడు. కుడికన్ను మూసుకుని బెంచీ మీంచి చూశాను. మోకాలి పక్కనుంచి లోపలికి కోసుకుంటూ వచ్చింది, కుర్రాడు వెనక్కి గెంతాడు, యంత్రం స్ట్రయిక్ అంది. భలే బంతి. ఏళ్లకోసారి చూస్తాం అలాంటిది. దాన్ని నేనైతే ఒక అడుగు ముందుకేసి కుడివైపు గోడ దాటించి ఉండేవాణ్ణి.

కాదు. ఆ బంతి నాకు కనబడి ఉండేది కాదు.